మొదటి సెమిస్టర్ బాధ్యత ఎవరిది?

(ఇంజనీరింగ్ గణితం బోధించిన మాస్టారి స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆయన్ని మనందరం మాస్టారు అనే పిలిచాం. ఇవాళ కూడా నేను అలాగే పిలుస్తాను. మాస్టారు లెక్కలు చెప్పేవారు. ప్రొఫెసర్ అయ్యాక ఎంటెక్ తరగతులు, పరిశోధక విద్యార్థులు చాలని ఆయన అనుకుని ఉంటే కాదనేవాళ్లు లేరు. కానీ రిటైరయ్యే దాకా మొదటి సంవత్సరం సెక్షన్ ఒకటి ఆయన వదులుకోలేదు. టైమ్‌టేబుల్ వేసేవాళ్లు "మీకెందుకండీ ఆ గోల, కొత్తగా చేరిన లెక్చరర్లకి వేద్దాం" అంటే, "పిల్లలూ కొత్త, చెప్పేవాళ్లూ కొత్తా? ఆ తరగతిలో పాతవాళ్లు ఒక్కరన్నా ఉండొద్దా?" అని అడిగేవారు. మిడ్ పేపర్లు వారం తిరక్కుండా దిద్ది ఇచ్చేసేవారు. మార్కులు తక్కువ వచ్చినవాణ్ని పిలిచి కేకలేయడం నేనెప్పుడూ చూడలేదు. పక్కన కూర్చోబెట్టుకుని పేపరు మళ్లీ మొదటి నుంచి చదివించేవారు.

అందుకే ఆయన పేరిట మాట్లాడమన్నప్పుడు వేరే విషయం వెతుక్కోలేదు. ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లలు మొదటి ఏడాదిలో నిలదొక్కుకోవడం గురించి, చేరిన బ్రాంచిలో మనసు నిలబెట్టుకోవడం గురించి మాట్లాడతాను. నేను చెప్పదలచింది ఒక్కటే. మొదటి సెమిస్టర్‌లో తడబడే పిల్లల్లో చాలామంది తెలివి తక్కువై కాదు, ఇంటర్ నుంచి ఇంజనీరింగ్‌కి దాటే చోట మనిషి సాయం లేక తడబడుతున్నారు. ఆ సాయం చేయడం కాలేజీ దయ కాదు, దాని మొదటి బాధ్యత. అది కూడా మొదటి మిడ్ లోపే జరగాలి.

నిమిషం ప్రశ్న, అరగంట ప్రశ్న

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో పిల్లవాడు ఇంజనీరింగ్ గుమ్మం దాకా ఎలా వస్తున్నాడో ముందు చూద్దాం. 1986లో మొదలైన ఎంసెట్‌ని ఇప్పుడు రెండు చోట్లా ఈఏపీసెట్ అంటున్నాం. ఇంజనీరింగ్ పేపరులో 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. లెక్కలు 80, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. ప్రతి ప్రశ్నకీ నాలుగు ఆప్షన్లు. తప్పు రాస్తే మార్కుల కోత లేదు. అంటే ఒక్కో ప్రశ్నకి సగటున సుమారు 67 సెకన్లు.

ఇంటర్ రెండేళ్లూ ఆ 67 సెకన్ల కోసమే సాగుతాయి. జవాబును వెనక్కి పెట్టి చూడటం, కుదరని ఆప్షన్లు కొట్టేయడం, సూత్రాన్ని షార్ట్‌కట్‌గా గుర్తుంచుకోవడం పిల్లలు కష్టపడి నేర్చుకుంటారు. అది నిజమైన నైపుణ్యమే, నేను తీసిపారేయను. కానీ కాలేజీలో చేరిన రెండు నెలలకి మొదటి సెమిస్టర్ గణితం, అంటే ఎం-1 పేపరులో పది మార్కుల ప్రశ్న ఎదురవుతుంది. ఆప్షన్లుండవు. ఒక మెట్టు మీద ఇంకో మెట్టు ఆధారపడి ఉంటుంది. రెండో మెట్టులో గుర్తు తప్పితే చివరిదాకా తప్పే. పైగా తప్పిందని చెప్పేవాళ్లుండరు.

మాస్టారు ఒకసారి ఒక మిడ్ పేపరు నా చేతికిచ్చి "వీడికి ఎక్కడ ఆగిపోయిందో చెప్పు" అన్నారు. మూడు వరసల మాత్రిక, దాని ఐగెన్ విలువలు, ఐగెన్ సదిశలు కట్టమని ప్రశ్న. కుర్రవాడు లక్షణ సమీకరణం తప్పు లేకుండా తెచ్చాడు. దాని కింద 1, 2, 3 అని మూలాలు రాసేశాడు. ఎలా వచ్చాయో ఒక్క మెట్టూ లేదు, విలువలు పెట్టి చూసి ఉంటాడు. సదిశల దగ్గర మూడు సమీకరణాలు చక్కగా రాశాడు. ఆ తర్వాత పేజీ అంతా ఖాళీ. రెండు చోట్ల ఏదో రాసి గట్టిగా కొట్టేసిన గుర్తులున్నాయి.

అతనికి లెక్క రాదని నేను అనేలోపే మాస్టారు చెప్పారు: "వీడికి లెక్క వచ్చు. ఈ మూడు సమీకరణాలకీ జవాబు ఒక్కటి కాదు, లెక్కలేనన్ని. నాలుగింట్లో ఒక్కటే సరైనదని రెండేళ్లు నేర్చుకొచ్చాడు కదా, ఒక్కటే వచ్చేదాకా కొట్టేస్తూ కూర్చున్నాడు." మార్జిన్‌లో ఎర్ర సిరాతో "ఒక రాశిని కె అనుకుని ముందుకు వెళ్లు" అని రాశారు. మర్నాడు ఆ కుర్రవాడు స్టాఫ్‌రూమ్ బల్ల దగ్గరే నిలబడి మిగతా లెక్క పూర్తి చేశాడు. రెండు నిమిషాలు పట్టింది. ఆ ఒక్క మాట చెప్పేవాళ్లు లేకపోతే అతనికి సబ్జెక్ట్ పోయేది, తనకి లెక్కలు రావన్న నమ్మకం కూడా మిగిలేది.

చదువు పద్ధతితో పాటు రోజు గడిచే తీరూ ఒక్కసారిగా మారిపోతుంది. రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజామున లేపేవాళ్లుంటారు, స్టడీ అవర్లో పక్కన నిలబడేవాళ్లుంటారు, వారం వారం పరీక్ష పెట్టి ర్యాంకు గోడకి అంటించేవాళ్లుంటారు. తన సమయాన్ని తాను పంచుకునే అవసరం ఆ రెండేళ్లలో ఒక్క రోజు కూడా రాదు. ఇంజనీరింగ్ కాలేజీలో సాయంత్రం నాలుగు తర్వాత అడిగేవాళ్లే లేరు. ఆ స్వేచ్ఛ పిల్లలకి దక్కాల్సిందే. దాన్ని వాడుకోవడం మాత్రం నేర్పాలి. ఇక పల్లెటూరి తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకి ఇవన్నీ ఇంగ్లీషు పాఠాల మధ్య జరుగుతాయి. క్లాసులో తెలియనిది అడగడానికి వాక్యం కూర్చుకునేలోపు సార్ తర్వాతి టాపిక్‌కి వెళ్లిపోతారు.

రిజిస్టర్‌లో కనబడని నిష్క్రమణ

అమెరికా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థి ఇంజనీరింగ్ నచ్చకపోతే మరో మేజర్‌కి మారిపోవచ్చు. అందువల్ల ఎంతమంది వెళ్లిపోయారో అక్కడ కళ్లకి కనబడుతుంది. ఎలైన్ సేమూర్, నాన్సీ హ్యూవిట్ అనే ఇద్దరు పరిశోధకులు ఏడు విద్యాసంస్థల్లో 335 మంది విద్యార్థులతో మాట్లాడి 1997లో ఒక పుస్తకం తెచ్చారు. సైన్సు, ఇంజనీరింగ్ వదిలేసినవాళ్లు చేతకానివాళ్లు, ఉన్నవాళ్లు చేతనైనవాళ్లు అన్న అభిప్రాయం అందులో నిలబడలేదు. ఇద్దరి శక్తిసామర్థ్యాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. బోధన బాగాలేదని, పాఠం వేగం అందుకోలేకపోయామని, సాయం అడిగే చోటు లేదని వెళ్లినవాళ్లు చెప్పారు. ఉన్నవాళ్లూ అవే ఇబ్బందులు చెప్పారు. కొందరికి ఆసరా దొరికింది, కొందరికి దొరకలేదు.

మన దగ్గర బ్రాంచి వెబ్ ఆప్షన్ల రోజునే ఖాయమైపోతుంది. స్లైడింగ్‌లో మారితే మారినట్టు, లేకపోతే నాలుగేళ్లూ అదే. కాబట్టి మన పిల్లలు వెళ్లిపోయినా రిజిస్టర్‌లో పేరు ఉంటుంది. ఫీజు కడుతూనే ఉంటారు. ముందు ఎం-1 పోతుంది, తర్వాత డ్రాయింగ్ పోతుంది. సప్లీ రాద్దామనుకునేలోపు రెండో సెమిస్టర్ మీద పడుతుంది. 75 శాతం అటెండెన్స్ తగ్గి కండొనేషన్ కట్టాల్సి వస్తుంది. క్రెడిట్లు చాలకపోతే డిటెయిన్. అప్పుడు ఇంటి మీద మరో ఏడాది హాస్టల్ ఖర్చు, ఊళ్లో సమాధానం చెప్పుకోవాల్సిన బాధ. ఇంకో రకం పిల్లలున్నారు. ర్యాంకు వల్ల సివిల్‌లోనో మెకానికల్‌లోనో చేరి, బ్యాక్‌లాగ్‌లేమీ లేకుండా పాసవుతూ, మనసు మాత్రం మొదటి రోజు నుంచే అమీర్‌పేట సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్ల మీద పెట్టుకున్నవాళ్లు. సాఫ్ట్‌వేర్‌కి వెళ్లడం తప్పు కాదు. అన్నం పెట్టే పని ఏదైనా గౌరవమే. అయితే నాలుగేళ్లు సొంత బ్రాంచిలో చుట్టపుచూపుగా గడిపితే ఆ పిల్లవాడి యవ్వనం, తల్లిదండ్రుల డబ్బు, ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ మూడూ వృథా అవుతున్నాయి. ఆ బ్రాంచిలో ఏముందో అతనికి మొదటి ఏడాది ఎవరన్నా చూపించారా అన్నదే నా ప్రశ్న.

పెద్ద సంస్థలు కూడా ఈ బాధ్యత నుంచి తప్పించుకోలేవు. 2015లో ఐఐటీ రూర్కీ మొదటి ఏడాదిలో కనీస గ్రేడు రాలేదని డెబ్భై మందికి పైగా విద్యార్థుల్ని తొలగించింది. వారిలో ఎక్కువమంది రిజర్వుడు వర్గాల పిల్లలు. నిరసనలు వచ్చాక వారికి మరో అవకాశం ఇచ్చారు. దేశంలోకెల్లా కష్టమైన ప్రవేశ పరీక్ష దాటి వచ్చిన పిల్లలు ఒక్క ఏడాదిలో పనికిరానివాళ్లెలా అయ్యారు? ఆ ఏడాది పొడవునా సంస్థ వాళ్లకి ఏం చేసిందని అడగాల్సిన సందర్భం అది.

ఒంటరిగా చదివితే, కలిసి చదివితే

ఈ విషయంలో నాకు కళ్లు తెరిపించిన పరిశోధన బర్క్‌లీలో జరిగింది. 1970ల చివర్లో యూరి ట్రైస్‌మన్ అనే గణిత విద్యార్థి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బోధనా సహాయకుడిగా పనిచేస్తూ ఒక సంగతి గమనించాడు. మొదటి ఏడాది కాలిక్యులస్‌లో నల్లజాతి విద్యార్థులు ఎక్కువగా తప్పుతున్నారు, చైనా సంతతి విద్యార్థులు రాణిస్తున్నారు. కారణమేమిటని అధ్యాపకుల్ని అడిగితే శ్రద్ధ లేదు, పునాది లేదు, ఇంట్లో చదువు వాతావరణం లేదు, డబ్బు లేదు అన్నారు. మన స్టాఫ్‌రూముల్లో వినబడే జవాబులే. ట్రైస్‌మన్ ఆ జవాబులతో ఊరుకోలేదు. రెండు వర్గాల నుంచీ ఇరవైమంది చొప్పున విద్యార్థుల్ని తీసుకుని, వాళ్లు గదుల్లో, లైబ్రరీల్లో ఎలా చదువుతున్నారో వెంట ఉండి చూశాడు.

తేలింది ఇది. నల్లజాతి పిల్లలు శ్రద్ధగానే, గంటల తరబడి చదువుతున్నారు. కానీ ఒంటరిగా. చైనా సంతతి పిల్లలు ముందు ఎవరికి వారు లెక్కలు చేసుకుని, తర్వాత నలుగురూ కూర్చుని జవాబులు పోల్చుకుంటున్నారు. ఒకరి తప్పు ఇంకొకరు దిద్దుతున్నారు. ఒక లెక్క ఎవరికీ రాకపోతే అది తమ లోపం కాదు, లెక్కే కష్టమైనదని వాళ్లకి తెలిసిపోతోంది. ఒంటరిగా చదివేవాడికి ఆ సంగతి తెలిసే దారి లేదు.

ట్రైస్‌మన్ ఆ తర్వాత వర్క్‌షాపులు పెట్టాడు. వాటిని వెనకబడ్డవాళ్లకి రిపేరు తరగతుల్లా నడపలేదు. మామూలు హోంవర్క్ కంటే కష్టమైన లెక్కలిచ్చి, చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, కలిసి తేల్చమన్నాడు. ఆ వర్క్‌షాపుల్లో చేరిన పిల్లల ఫలితాలు మారిపోయాయి. 1992లో ఆయన ఈ అనుభవాన్ని ఒక వ్యాసంగా రాశాడు. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు ఆ పద్ధతి అందుకున్నాయి. 2014లో సైన్సు, ఇంజనీరింగ్, గణిత తరగతుల మీద జరిగిన 225 అధ్యయనాల్ని కలిపి చూసిన స్కాట్ ఫ్రీమన్ బృందం కూడా ఇదే దిక్కు చూపింది. పాఠం వినడమే పనిగా ఉన్న తరగతుల్లో సగటున 33.8 శాతం మంది తప్పితే, విద్యార్థులు చేత్తో పనిచేసే, చర్చించే తరగతుల్లో తప్పినవారు 21.8 శాతం.

మన దగ్గర ఏం చేస్తున్నాం? కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు అడుగుతారని స్లో లెర్నర్స్ జాబితా, అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ జాబితా తయారుచేస్తాం. మొదటి జాబితాలో పేరు చూసుకున్న పిల్లవాడు సాయంత్రం రెమిడియల్ క్లాసుకి తలవంచుకుని వస్తాడు. పొద్దున విన్న పాఠమే మళ్లీ వింటాడు. అతనికి ఇంకోసారి పాఠం వినిపించడం వల్ల ఒరిగేదేమీ లేదు. మంచి లెక్క ఒకటి, దాన్ని కలిసి తేల్చే నలుగురు స్నేహితులు, ఇరుక్కున్న చోట "కె అనుకో" అని చెప్పే ఒక పెద్ద మనిషి కావాలి.

డ్రాయింగ్ హాలు, కంప్యూటర్ ల్యాబు

లెక్కల తర్వాత పిల్లల్ని భయపెట్టేది ఇంజనీరింగ్ డ్రాయింగ్. హాల్లోకి అడుగుపెట్టగానే పెద్ద బోర్డు, మినీ డ్రాఫ్టర్, షీటు. వాలుగా నిలబెట్టిన షట్కోణ పిరమిడ్‌ని కోసి, పైనుంచి ఎలా కనబడుతుందో గీయమంటారు. కొందరు వెంటనే చూడగలుగుతారు. మిగతావాళ్లు పక్కవాడి షీటు చూసి గీతలు దించుకుంటారు. చూడలేకపోవడం పుట్టుకతో వచ్చిన లోపమని అందరూ అనుకుంటారు, ఆ పిల్లలతో సహా.

అది నిజం కాదని అమెరికాలో మిషిగన్ టెక్ విశ్వవిద్యాలయంలో షెరిల్ సోర్బీ చూపించారు. 1993లో ఆమె, సహ అధ్యాపకురాలితో కలిసి, వస్తువుల్ని మనసులో తిప్పి చూసే శక్తిని పరీక్షించే చిన్న పరీక్ష పెట్టి, తక్కువ మార్కులు వచ్చినవాళ్లకి ఒక ప్రత్యేక కోర్సు మొదలుపెట్టారు. దిమ్మలతో ఆకారాలు కట్టడం, వాటిని తిప్పి గీయడం, కోసి చూడటం అందులో పని. ఆ కోర్సు చేసిన పిల్లలు తర్వాతి సబ్జెక్టుల్లో మెరుగ్గా చేశారు. ముఖ్యంగా ఆడపిల్లలు ఇంజనీరింగ్‌లోనే కొనసాగడం పెరిగింది. అంటే డ్రాయింగ్ చూపు నేర్పితే వచ్చేదే. చిన్నప్పుడు మోటారు విప్పి చూసే అవకాశం, బొమ్మ దిమ్మలతో ఆడే అవకాశం దక్కని పిల్లలకి అది ఇప్పుడు నేర్పాలి.

దీనికి ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. మా కాలేజీలో ఒక డ్రాయింగ్ మాస్టారు బట్టల సబ్బు బిళ్లలు తెచ్చి బల్ల మీద పెట్టేవారు. బ్లేడుతో ఒక బిళ్లని ఘనంగా, ఒకదాన్ని పిరమిడ్‌గా చెక్కించేవారు. తర్వాత ఏటవాలుగా కోయించి, కోత ముఖాన్ని సిరాలో అద్ది కాగితం మీద ముద్ర వేయించేవారు. కాగితం మీద పడ్డ ముద్రే సెక్షన్ అసలు ఆకారం. షీటు మీద గీసింది దానితో సరిపోయిందో లేదో పిల్లలే పోల్చుకునేవారు. ఆ రోజు తర్వాత డ్రాయింగ్ హాల్లో ప్రశ్నలు మొదలయ్యేవి. చేత్తో కోసినవాడు ధైర్యంగా అడుగుతాడు.

కంప్యూటర్ ల్యాబులో ఇదే కథ ఇంకో రకంగా జరుగుతుంది. ఒకే బ్యాచ్‌లో ఏడో తరగతి నుంచీ ప్రోగ్రాములు రాస్తున్న హైదరాబాద్ కుర్రవాడు, కీబోర్డు మీద మొదటిసారి చేయి పెట్టిన ఏజెన్సీ ప్రాంతపు అమ్మాయి పక్కపక్కనే కూర్చుంటారు. సి ప్రోగ్రాములో ఏడో లైను చివర సెమీకోలన్ మర్చిపోతే ఎర్రర్ చాలాసార్లు ఎనిమిదో లైనులో చూపిస్తుంది. ఆ అమ్మాయి సరిగ్గా ఉన్న ఎనిమిదో లైనుని పదిసార్లు మార్చి చూస్తుంది. పక్క కుర్రవాడు అప్పటికి రికార్డు రాసుకుంటూ ఉంటాడు. "ఒక లైను పైకి చూడమ్మా" అని ఎవరూ చెప్పకపోతే కంప్యూటర్ తనకి సరిపడదని ఆమె నిర్ణయించేసుకుంటుంది. కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ కాలేజీ 2006లో మొదటి కంప్యూటర్ సైన్స్ కోర్సుని అనుభవం ఉన్నవాళ్లకీ, లేనివాళ్లకీ వేరువేరు సెక్షన్లుగా విడదీసింది. పాఠాన్ని నిజమైన సమస్యల చుట్టూ మార్చింది. అంతవరకు పదిమందిలో ఒకరుగా ఉన్న అమ్మాయిలు కొన్నేళ్లలోనే ఆ విభాగంలో పదిమందికి నలుగురయ్యారు. సిలబస్ కష్టం తగ్గించి కాదు, ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకుని.

ఈ లెక్క ఎందుకు?

మాస్టారి క్లాసులో ఒక ప్రశ్న తప్పకుండా వచ్చేది: "సార్, ఇది మాకెందుకు?" ఆయన దాన్ని మంచి ప్రశ్న అనేవారు. ఐగెన్ విలువల పాఠం చెబుతూ సివిల్ పిల్లలకి రెండంతస్తుల మేడ భూకంపంలో ఏ లయతో ఊగుతుందో ఆ విలువలే చెబుతాయనేవారు. మెకానికల్ పిల్లలకి ఒక ఉక్కు ముక్క లోపల గరిష్ఠ ఒత్తిడి ఎంత ఉంటుందో చెప్పేవి అవేననేవారు. కంప్యూటర్ పిల్లలకి గూగుల్ మొదటి నాళ్లలో వెబ్ పేజీల ప్రాముఖ్యాన్ని లెక్కగట్టింది ఒక పెద్ద మాత్రిక ఐగెన్ సదిశతోనేనని చెప్పేవారు. అదే మాత్రిక, అదే లెక్క. ఏ బ్రాంచి పిల్లవాడికైనా తన బ్రాంచి అందులో కనబడేది.

ఒహాయో రాష్ట్రంలోని రైట్ స్టేట్ విశ్వవిద్యాలయం దీన్నే పద్ధతిగా మార్చింది. కాలిక్యులస్ వరస మొత్తం పూర్తయితేగానీ ఇంజనీరింగ్ సబ్జెక్టులు మొదలుకాకపోవడం వల్ల చాలామంది లెక్కల దగ్గరే ఆగిపోతున్నారని నేథన్ క్లింగ్‌బైల్ గుర్తించారు. 2004లో ఇంజనీరింగ్ అధ్యాపకులే చెప్పే ఒక గణిత కోర్సు మొదలుపెట్టారు. త్రికోణమితి రోబో చేయి కదలికతో, సమీకరణాల వ్యవస్థ విద్యుత్ వలయంతో, అవకలనం కిందపడే బంతి వేగంతో, అన్నీ ల్యాబులో కొలిచి మరీ నేర్పారు. తర్వాత ఈ పద్ధతిని అమెరికాలో మరెన్నో సంస్థలు అందుకున్నాయి.

మన కాలేజీల్లో మొదటి ఏడాది హెచ్ అండ్ ఎస్ (హ్యుమానిటీస్, సైన్సెస్) విభాగం చేతిలో ఉంటుంది. ఆ అధ్యాపకులు శ్రమపడతారు, వారి మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ ఎలక్ట్రికల్‌లో చేరిన పిల్లవాడు ఎలక్ట్రికల్ విభాగాధిపతి ముఖం చూడకుండానే ఏడాది గడిపేస్తున్నాడు. బ్రాంచి మీద ప్రేమ పుట్టాల్సిన ఏడాదిలో బ్రాంచి మనిషి ఎదురుపడటం లేదు.

ఆలస్యంగా వచ్చినవాళ్లు, బస్సులో వెళ్లిపోయేవాళ్లు

2017లో ఏఐసీటీఈ కొత్త విద్యార్థులకి మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం సూచించింది. అంతకుముందే 2011లో ఐఐటీ గాంధీనగర్ ఐదు వారాల ఫౌండేషన్ ప్రోగ్రాం మొదలుపెట్టింది. చిన్న గుంపులు, ప్రతి గుంపుకీ ఒక అధ్యాపక మెంటర్, తోడుగా సీనియర్లు, ఆటలు, కళలు, విలువల మీద చర్చలు అందులో భాగం. ఆలోచన చాలా మంచిది. కానీ చాలా చోట్ల ఇండక్షన్ అతిథుల ప్రసంగాలుగా మిగిలింది.

ఇంకో చిక్కు ఉంది. మన కౌన్సెలింగ్ విడతలు విడతలుగా సాగుతుంది. మొదటి విడతలో చేరినవాళ్లు ఒకటో యూనిట్ పూర్తి చేసేసరికి చివరి విడత, స్పాట్ అడ్మిషన్ల పిల్లలు గుమ్మంలోకి వస్తారు. ఇండక్షన్ పోయింది, మాత్రికలు పోయాయి, మొదటి మిడ్ మీదపడింది. ఎక్కువ సాయం కావాల్సిన పిల్లలే అందరికంటే తక్కువ సమయంతో వస్తున్నారు. ఆలస్యంగా చేరడం వాళ్ల తప్పు కాదు.

సీనియర్ల సాయమూ తగ్గింది. 2009 నాటి యూజీసీ నిబంధనల తర్వాత ర్యాగింగ్ అరికట్టడానికి ఫ్రెషర్లకి వేరే హాస్టల్ బ్లాకులు ఇస్తున్నారు. అది అవసరం, ఆ విషయంలో రాజీ వద్దు. అయితే దానితో పాత నోట్సు, పాత ప్రశ్నపత్రాలు, "ఈ సబ్జెక్టు ఇలా చదువు" అనే మంచి మాట కూడా ఆగిపోయాయి. ఆ మంచిని కాలేజీ తన పర్యవేక్షణలో మళ్లీ ఏర్పాటు చేయాలి. డే స్కాలర్ల సంగతి ఇంకోలా ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటగానే కాలేజీ బస్సులు బయల్దేరతాయి. ఆ తర్వాత పెట్టే ఏ సాయమైనా బస్సెక్కిన పిల్లలకి, అందులోనూ ఆడపిల్లలకి, లేనట్టే.

మన నేల మీదే దీనికి భిన్నమైన నమూనా ఒకటుంది. 2008లో ఏర్పడిన ఆర్జీయూకేటీ పదో తరగతి మార్కులతో గ్రామీణ పిల్లల్ని ఆరేళ్ల కోర్సులో చేర్చుకుంది. బాసరలో, నూజివీడులో, ఇడుపులపాయలో మొదటి రెండేళ్లు ప్రీ-యూనివర్సిటీ చదివిన పిల్లలు అదే ప్రాంగణంలో ఇంజనీరింగ్‌కి వెళతారు. ఎవరికీ అకస్మాత్తుగా కొత్త ప్రపంచం ఎదురుకాదు. ఆ ప్రాంగణాలకి వేరే సమస్యలున్నాయి, కానీ ఈ ఒక్క విషయంలో ఆలోచన సరైనది.

చేయదగిన పనులు

ఇందాకటి నుంచి చెప్పినదంతా పనుల్లోకి దించితే ఆరు వస్తాయి. ఏదీ పెద్ద బడ్జెట్ అడగదు.

మొదటిది, ప్రతి విభాగంలోని అనుభవజ్ఞులైన అధ్యాపకుల్లో ఒకరన్నా మొదటి సెమిస్టర్ సెక్షన్‌కి పాఠం చెప్పాలి. దాన్ని పదోన్నతిలో గౌరవంగా లెక్కించాలి.

రెండోది, మూడో వారంలో మార్కులు లేని చిన్న రాత పరీక్ష పెట్టి, ప్రతి పేపరులో పిల్లవాడు ఎక్కడ ఆగాడో రాసి, మొదటి మిడ్ లోపు చేతికివ్వాలి.

మూడోది, టైమ్‌టేబుల్ లోపలే, బస్సులు కదలకముందే, వారానికి రెండు గంటలు లెక్కల చర్చ పెట్టాలి. ఐదుగురేసి, అన్ని రకాల పిల్లలు కలిసిన గుంపులు. ఒక రెండో ఏడాది సీనియర్ తోడు, ఒక అధ్యాపకుడి పర్యవేక్షణ. లెక్కలు కష్టమైనవే ఇవ్వాలి. చర్చ తెలుగులో చేసుకోనివ్వాలి, రాత ఇంగ్లీషులో ఉంటుంది. స్లో లెర్నర్ అన్న పేరు ఎవరికీ తగిలించొద్దు.

నాలుగోది, చివరి విడతలో చేరినవాళ్లకి ఆలస్యంగానైనా వాళ్లదైన ఇండక్షన్, పోయిన యూనిట్లకి ప్రత్యేక షెడ్యూలు ఉండాలి.

ఐదోది, డ్రాయింగ్‌కి, కంప్యూటర్ ల్యాబుకి ముందు అనుభవాన్ని బట్టి మొదలుపెట్టే చోటు వేరుగా ఉండాలి. చేరే చోటు అందరికీ ఒక్కటే.

ఆరోది, బ్రాంచి వాళ్లు నెలకి ఒకసారన్నా తమ మొదటి ఏడాది పిల్లల్ని తమ ల్యాబులోకి తీసుకెళ్లాలి. అటెండెన్స్ తగ్గిన పిల్లవాడి ఇంటికి ఉత్తరం పంపేముందు ఒక మనిషి అతనితో కూర్చుని ఏమైందని అడగాలి. అక్కడ జ్వరం బయటపడొచ్చు, అప్పు బయటపడొచ్చు, ఎవరికీ చెప్పుకోలేని దిగులు బయటపడొచ్చు. విద్యార్థుల ఆత్మహత్యల మీద 2025లో సుప్రీంకోర్టు జాతీయ టాస్క్‌ఫోర్స్ వేయాల్సి వచ్చిన దేశం మనది. ఆ పలకరింపు ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు.

తల్లిదండ్రులకి ఒక మాట. మొదటి సెమిస్టర్‌లో ఒక సబ్జెక్ట్ పోతే బిడ్డ పోయినట్టు కాదు. ఫోనులో "ఎన్ని వచ్చాయి" అనే ముందు "ఎలా ఉన్నావు" అనండి.

ఈ ఏడాదే కాలేజీలో చేరి, ఇక్కడ వెనక వరసల్లో కూర్చున్న పిల్లలకి ఒక మాట. మీకు అర్థం కానిది మీ పక్కవాడికి కూడా అర్థమై ఉండకపోవచ్చు. రేపే నలుగురు కూర్చుని ఒక లెక్క మొదలుపెట్టండి. ఆగిన చోట కాగితం పట్టుకుని స్టాఫ్‌రూమ్ తలుపు తట్టండి. అడగడం చేతకానితనం కాదు.

నా తోటి అధ్యాపకులకి చివరి విన్నపం. మాస్టారి పేరిట ఏటా సభ జరుపుకోవడం బాగుంది. దానితో పాటు, ఇవాళ ఈ హాల్లో ఉన్న ప్రతి సీనియర్ అధ్యాపకుడూ వచ్చే విద్యా సంవత్సరం మొదటి సెమిస్టర్ సెక్షన్ ఒకటి అడిగి మరీ తీసుకోండి. ఆయనకి మనం చేయగల స్మరణ అంతకు మించింది లేదు.